పైన పటారం... లోన?

పోయిన వారం ఈ శీర్షికలో రీ-రికార్డింగు ముచ్చట్లు రాస్తానని మాటిచ్చాను. ఆ మాటని ఇంకో వారం వాయిదా వేస్తున్నందుకు పాఠక మిత్రులు మన్నించాలి. తప్పు నాది కాదు, మా మేనల్లుడిది! శనివారం రాత్రి, సరిగ్గా నేను కాగితాలు ముందేసుకుని కూచున్న వేళకి వాడి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఆ ఫోను తర్వాత ఇంకేం రాయబుద్ధి కాలేదు. అంచేత ఈ వారం ఆ కథే.

మా చెల్లెలి కొడుకు గుంటూరులో ఉంటాడు. డ్రమ్స్ వాయిస్తాడు. పెళ్ళి రిసెప్షన్లూ, కాలేజీ వార్షికోత్సవాలూ, ఎక్కడ సినిమా పాటల ఆర్కెస్ట్రా ఉంటే అక్కడ వాడుంటాడు. ఆదివారం పొద్దున మాత్రం చర్చిలో వాయిస్తాడు. (ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఇవాళ మన ఊళ్ళలో చెక్క డ్రమ్ముల చప్పుడు వారం వారం వినాలంటే చర్చి గుమ్మం దగ్గర నిలబడాల్సిందే.) ఆరేళ్ళు ఇలా ఊరూరా తిరిగి రెండు లక్షల పాతిక వేలు కూడబెట్టాడు. పోయిన దసరా ముందు ఒకనాటి రాత్రి పదిన్నరకి ఫోను చేశాడు.

"మావయ్యా, సొంతంగా డ్రమ్ సెట్టు చేయించుకుందామనుకుంటున్నా. కొట్లో దొరికేది కాదు. నా కొలతలు, నా రంగు, ముందు నా పేరు! ఎవరి దగ్గర చేయించమంటావు?"

"ఏం రంగురా?" అన్నాను.

"నీలం మావయ్యా! లోపల వెండి మెరుపులు. ఫొటో పంపించా చూడు."

నిజం చెప్పొద్దూ, నా గుండె గతుక్కుమంది. రంగు బాగాలేక కాదు. సరిగ్గా అలాగే, రంగుతో మొదలుపెట్టి నేనొకప్పుడు మునిగాను గనక!

మర్నాడు పొద్దున్నే మా చెల్లెలి ఫోను. "అన్నయ్యా, వీళ్ళ నాన్న ఆ డబ్బు పెట్టి సెల్‌ఫోన్ల కొట్టు అద్దెకి తీసుకోమంటున్నారు. వీడేమో డ్రమ్ములంటున్నాడు. నువ్వేం చెబితే అదే వింటాడు. కాస్త ఆలోచించి చెప్పు" అంది. చూశారా నా ఇరకాటం! చేయించింది బాగుంటే సరే. బాగోకపోతే వాడు జన్మలో మళ్ళీ వాళ్ళ నాన్న ముందు డ్రమ్మన్న మాట ఎత్తలేడు. నేను ఆ ఇంటి గడప ఎక్కలేను.

అసలీ రోజుల్లో చెక్క డ్రమ్ములెందుకని మీరడగొచ్చు. నేనూ అడిగాను. 1980ల మొదట్లో ఇంగ్లండు నుంచి సిమ్మన్స్ వారి ఆరు మూలల ఎలక్ట్రానిక్ డ్రమ్ములు వచ్చాయి. 1985లో జపాను నుంచి రోలాండ్ వారి ఆక్టోపాడ్ వచ్చింది. అంతే! రికార్డింగు థియేటర్లలోనూ, స్టేజీల మీదా డ్రమ్ సెట్టుకి చోటు తగ్గుతూ వచ్చింది. ఆ తర్వాత వచ్చిన ఎస్‌పిడి-20 ప్యాడయితే మన ట్రూపుల్లో ఇంటి మనిషైపోయింది. సంచిలో పెట్టుకుని బస్సెక్కొచ్చు. డోలక్, తబలా, డప్పు... ఏది కావాలంటే ఆ మీట నొక్కితే చాలు.

"ప్యాడ్ మీద నేను కొట్టినా, పక్కింటి పిల్లాడు కొట్టినా ఒకటే చప్పుడు మావయ్యా. చెక్క డ్రమ్ము మీద నేను కొడితే నేను కొట్టినట్టు ఉంటుంది" అన్నాడు వాడు. ఇది పూర్తిగా నిజం కాదు. ప్యాడ్ మీద కూడా ప్రాణం పలికించే మహానుభావులున్నారు. కానీ పాతికేళ్ళవాడు అంత మాట అన్నాక కాదనడానికి నాకు నోరు రాలేదు. పైగా శ్రీ శివమణి పేరెత్తాడు. నేనన్నాను: "శివమణిగారు సూట్‌కేసు మీదా వాయిస్తారు, నీళ్ళ డబ్బా మీదా వాయిస్తారు. వారికి ఎవరు చేసిన డ్రమ్మైనా ఒకటే. మనకి అలా కుదరదురా అబ్బాయ్. మనకి మంచి డ్రమ్ము కావాలి."

ఇక నా కథ. 1983 సంగతి. అప్పుడు నేను విజయవాడలో ఒక లైట్ మ్యూజిక్ ట్రూపులో డ్రమ్స్ వాయించేవాణ్ణి. (నమ్మరా? ఫొటో ఉంది!) ఆ రోజుల్లో విదేశీ డ్రమ్ సెట్టు కొనడమంటే మాటలా? గల్ఫు నుంచో సింగపూరు నుంచో ఎవరైనా తేవాలి. లేకపోతే మద్రాసులోనో, కలకత్తాలోనో హోటలు బ్యాండుల్లో వాయించే పెద్దవాళ్ళు అమ్మేస్తే కొనుక్కోవాలి. రెండూ చేతకానివాడు ఇక్కడే ఎవరిచేతనో చేయించుకోవాలి. నాకా మూడోదే గతి.

ఒక పెద్ద నగరంలో (పేరెందుకు లెండి) ఒక వర్క్‌షాపు ఉందని విని రైలెక్కి వెళ్ళాను. యజమాని చాలా మర్యాదస్తుడు. కూచోబెట్టి గోల్డ్‌స్పాట్ తెప్పించాడు. బల్ల మీద రంగు ముక్కలు పేకముక్కల్లా పరిచాడు. అందులో ఒక ఎరుపు ఉంది చూశారూ! లైటు పడితే చాలు, దానిమ్మ గింజల్లా మెరుస్తుంది. అప్పుడే చూసొచ్చిన ఒక సినిమా పాటలో హీరో వెనకాల ఉన్న డ్రమ్ముల రంగు అదే. ఇంకేం! సైకిలు అమ్మిన డబ్బూ, మా బావగారి దగ్గర చేసిన అప్పూ కలిపి రెండు వేలు అక్కడికక్కడే ఇచ్చేశాను. చెక్క ఏమిటని అడగలేదు. ఎవరు కోస్తారని అడగలేదు. అతను చేసిన ఇంకో డ్రమ్మేదైనా ఉంటే ఒక్కసారి వాయించి చూస్తానని కూడా అడగలేదు!

మూడు నెలలన్నవాడు తొమ్మిది నెలలకి లారీ పార్సిల్లో పంపాడు. గోనెపట్టా విప్పితే... అచ్చం పెళ్ళికూతురే. తెనాలిలో శ్రీరామనవమి పందిట్లో మొదటి ప్రోగ్రాం. రెండో పాటకే నాకు చెమటలు పట్టాయి. చిన్న టామ్ మీద కొడితే మట్టి కుండ బోర్లించి కొట్టినట్టు చప్పుడు. ఒక మర బిగిస్తే ఎదుటి పక్క వదులైపోతుంది. అది బిగిస్తే ఇది మూలుగుతుంది. పాడుతున్న ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మూడోసారి చూడలేదు. ఆ చూడకపోవడమే నన్ను చంపేసింది.

ఆ రాత్రి మా ట్రూపులో తబలా వాయించే పెద్దాయన నన్ను లాడ్జి గదిలోకి పిలిచాడు. టామ్ తోలు విప్పించాడు. గదిలో పాలరాతి పలక ఉన్న బల్ల ఉంది. చెక్క చుట్టుని దానిమీద నిలబెట్టి, లోపల టార్చి లైటు వెలిగించి పెట్టి, పైన తువ్వాలు కప్పి, గదిలో దీపం ఆర్పించాడు. "కింద చూడు" అన్నాడు. చూశాను. చెక్కకీ రాతికీ మధ్య సన్నగా, వంకరగా, నెలవంకలా వెలుగు!

"ఇక్కడ తోలు ఆనదు. ఆననిచోట పలకదు. నువ్వు కాదు, దేవేంద్రుడు దిగొచ్చి బిగించినా పలకదు" అన్నాడాయన.

వర్క్‌షాపుకి ఉత్తరం రాశాను. "చెక్క కదా, వానలకి ఉబ్బుతుంది. తోలు మార్చి చూడండి" అని జవాబు. చైత్రమాసంలో ఏం వానలో ఆ దేవుడికే తెలియాలి! నెల తిరక్కుండా ట్రూపువారు ఇంకో కుర్రాణ్ణి పెట్టుకున్నారు. బావగారి అప్పు తీర్చడానికి మాత్రం నాకు రెండేళ్ళు పట్టింది. అలా తెలుగు ప్రజలు ఒక డ్రమ్మర్ని పోగొట్టుకుని ఈ శీర్షికని సంపాదించుకున్నారు. లాభమో నష్టమో మీరే తేల్చండి.

ఇదంతా మా వాడికి చెప్పాను. చెప్పి, "రంగు మాట ఆఖర్న. ముందు అంచు సంగతి అడుగు" అన్నాను. తోలు ఆనే ఆ అంచుని ఇంగ్లీషులో బేరింగ్ ఎడ్జ్ అంటారు. చెక్క చుట్టు పైభాగాన్ని ఏటవాలుగా కోసి, కొసని నునుపు చేస్తారు. నలభై అయిదు డిగ్రీల వాలు పెట్టి పదునుగా కోస్తే చప్పుడు చురుగ్గా, ఎక్కువసేపు మోగుతుంది. గుండ్రంగా మొద్దు చేస్తే పాతకాలపు డ్రమ్ముల్లా మెత్తగా, పొట్టిగా పలుకుతుంది. ఏ వాలైనా సరే, చుట్టూ ఒకే మట్టంలో ఉండాలి. చుట్టు కూడా నిజంగా గుండ్రంగా ఉండాలి. టేపుతో నాలుగైదు చోట్ల అడ్డంగా కొలిస్తే తెలిసిపోతుంది. ఈ రెండూ లేకపోతే మిగిలిందంతా ముస్తాబే.

తర్వాత ప్రశ్న: ఆ చుట్టు, అంటే షెల్లు, ఎవరు చేస్తారు? ఇక్కడ మీకొక రహస్యం చెబుతాను. ప్రపంచంలో 'సొంతంగా చేయించి ఇస్తాం' అనే డ్రమ్ముల కొట్లలో చాలా వాటికి సొంత షెల్లు ఉండదు! అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో కెల్లర్ అని ఒక సంస్థ. పల్చటి మేపుల్ చెక్క పొరల్ని జిగురు రాసి, ఒక పొర పోగు నిలువుగా, ఇంకో పొర పోగు అడ్డంగా వచ్చేట్టు పేర్చి, అచ్చులో నొక్కి షెల్లులు చేసి అమ్మేది. దశాబ్దాల పాటు ఎన్నో చిన్న కంపెనీలు అవే కొని, అంచు కోసి, కన్నాలు పెట్టి, రంగేసి, తమ బిళ్ళ తగిలించుకున్నాయి. ఇందులో మోసమేమీ లేదు. గ్రెచ్ లాంటి మహా కంపెనీయే ఒకప్పుడు ఇండియానాలోని జాస్పర్ అనే ఊరి నుంచి షెల్లులు తెప్పించుకుంది. దర్జీ బట్ట నేయడు కదా! కానీ బట్ట నేనే నేశానని దర్జీ అన్నాడనుకోండి, అక్కడ మాత్రం లేచి వచ్చెయ్యాలి.

సొంతంగా షెల్లు చేసేవాళ్ళూ లేకపోలేదు. అందులో రకాలున్నాయి. ఒకే పలకని ఆవిరిలో మెత్తబరిచి గుండ్రంగా వంచి కొసలు అతికేది ఒక పద్ధతి. కాలిఫోర్నియాలో జానీ క్రావియొట్టో అనే ఆయన (2016లో పోయారు) దీనికి పెట్టింది పేరు. మసాచుసెట్స్‌లో 1854లో మొదలైన నోబుల్ అండ్ కూలీ వారిది ఇంకా తమాషా. పిల్లల బొమ్మ డ్రమ్ములు చేసి చేసి, ఆ వంచే విద్యతోనే పెద్దవాళ్ళ స్నేర్ డ్రమ్ములకి దిగారు. ఇక నిలువు చెక్కల్ని పీపాలా పేర్చి అతికి, లేతు మీద తిప్పి గుండ్రం చేసేది మరో పద్ధతి. చిన్న పనివాడికి ఇది అందుబాటైన దారి, అచ్చు అక్కర్లేదు. అయితే చెక్క బాగా ఆరి ఉండాలి సుమండీ! పచ్చి చెక్కతో చేసింది వానాకాలం ముచ్చటగానే మోగుతుంది. గుంటూరు రోహిణీ కార్తె వచ్చేసరికి అతుకుల దగ్గర నోరు తెరుస్తుంది.

మేపులా, బర్చా, మహాగనీయా అని కుర్రవాళ్ళు గంటలు గంటలు వాదించుకుంటారు. మేపుల్ వెచ్చగా ఉంటుందనీ, బర్చ్ దెబ్బ స్పష్టంగా వినిపిస్తుందనీ, మహాగనీ బొంగురుగా పలుకుతుందనీ వాడుక. కొంత నిజమే. కానీ నా మట్టుకు నాకు చెక్క పేరు అయిదో ఆరో ప్రశ్న. మంచి అంచు ఉన్న మామూలు చెక్క ముందు, చెడ్డ అంచు ఉన్న మహా చెక్క దిగదుడుపే.

ఇంత చెప్పాక మా వాడు ఊరుకున్నాడా? ఊరుకుంటే మా మేనల్లుడెందుకవుతాడు! "మరి బీటిల్స్ రింగో స్టార్ కూడా రంగు చూసే కొన్నాడట కదా మావయ్యా?" అన్నాడు.

నిజమే. చెప్పుకునే కథ అదే. 1963లో లండన్‌లో డ్రమ్ సిటీ అనే కొట్టుకి రింగో వెళ్ళాడు. అప్పటిదాకా ఆయన వాయించింది ఇంగ్లండు ప్రీమియర్ డ్రమ్ములు. కొట్టు యజమాని ఐవర్ ఆర్బిటర్ దగ్గర నలుపూ తెలుపూ కలిసిన ముత్యపు చిప్పలాంటి రంగు ముక్క కనబడింది. అది కావాలన్నాడు. అది అమెరికా లుడ్విగ్ వారి రంగు. అలా లుడ్విగ్ డ్రమ్ములొచ్చాయి. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టీవీలో ఎడ్ సల్లివాన్ షోలో బీటిల్స్ వాయించినప్పుడు, డ్రమ్ము మీద బీటిల్స్ పేరుతోపాటు లుడ్విగ్ పేరూ కోట్లమంది కళ్ళబడింది. ఆ దెబ్బతో లుడ్విగ్ ఫ్యాక్టరీ రాత్రింబవళ్ళు పనిచేసినా ఆర్డర్లు అందలేదు. రింగో కొన్న ఆ మొదటి సెట్టు 2015లో వేలానికి వస్తే 20 లక్షల డాలర్లకు పైగా పలికింది!

"చూశావా మరి!" అన్నాడు మేనల్లుడు.

"చూశాన్రా. ఆ రంగు వెనకాల ఎవరున్నారో నువ్వు చూడలేదు. 1909 నుంచి షికాగోలో డ్రమ్ములూ, డ్రమ్ము పెడళ్ళూ తప్ప ఇంకో ధ్యాస లేని కుటుంబం ఉంది. రింగో కళ్ళు మూసుకుని వేలు పెట్టినా మంచి డ్రమ్మే తగిలేది. నేను వేలు పెట్టిన చోట గోల్డ్‌స్పాట్ తప్ప ఇంకేం లేదు" అన్నాను.

డ్రమ్ములు ఎంచుకోవడమంటే నీల్ పియర్ట్‌ని చూసి నేర్చుకోవాలి. కెనడా దేశపు రష్ బృందంలో డ్రమ్మర్. 2020 జనవరిలో పోయారు పాపం. ఆయనకి ఏ కంపెనీ అయినా చేసిపెడతానని ముందుకొస్తుంది. అయినా 1980ల మధ్యలో ఆయన ఏం చేశాడంటే, అమెరికాలో ఫోర్ట్ వేన్ అనే ఊళ్ళోని డ్రమ్ముల కొట్టులో ఆరు కంపెనీల డ్రమ్ముల్ని వరసగా పెట్టించాడు. ఒకే కొలతలు, ఒకే రకం తోళ్ళు. ఒకదాని తర్వాత ఒకటి వాయించి విన్నాడు. విని, తను ఏళ్ళ తరబడి వాయిస్తున్న కంపెనీని వదిలి లుడ్విగ్‌కి మారాడు. రంగు? అది ఆ తర్వాత వేయించాడు. ఈ వ్యవహారమంతా 1987లో మోడరన్ డ్రమ్మర్ పత్రికలో ఆయనే రాసుకున్నాడు. మళ్ళీ 1990లలో డి.డబ్ల్యు. కంపెనీకి మారాడు. ఆ డి.డబ్ల్యు. వారు షెల్లుని వేళ్ళతో తట్టి, ఏ స్వరం పలుకుతోందో విని, లోపల ఆ స్వరం ముద్ర వేస్తారు. పక్కపక్కన ఒద్దికగా పలికే షెల్లుల్నే ఒక సెట్టుగా కూరుస్తారు.

ఇది విని మనవాళ్ళు ఆశ్చర్యపోతే నాకు నవ్వొస్తుంది. తట్టి, విని, మళ్ళీ సవరించే విద్య మన దేశంలో కొత్తదా? మృదంగ విద్వాంసుడు పాల్ఘాట్ మణి అయ్యర్ గారికి తంజావూరు పర్లాందు మృదంగాలు చేసిపెట్టేవాడు. ఒకరు వాయించి చెప్పడం, ఒకరు విని తోలు మార్చడం... అలా ఇద్దరూ కలిసి ఆ నాదాన్ని సాధించారు. గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో ఈ మృదంగాలు చేసేవాళ్ళ మీదే ఒక పుస్తకం రాశారు. వాళ్ళలో చాలామంది దళిత క్రైస్తవ కుటుంబాలవారు. వాయించినవారి పేరు కచేరీ కరపత్రం మీద ఉంటుంది. చేసినవారి పేరు ఎక్కడుందో వెతుక్కోవాలి. సరే, ఆ బాధ వేరే వారం రాస్తాను.

"అయితే నువ్వూ చేసేవాడితో మాట్లాడు. కొట్టువాడితో కాదు" అన్నాను. మా వాడు మూడు చోట్ల విచారించాడు.

మొదటిది పెద్ద విదేశీ కంపెనీకి ఇక్కడి డీలరు. వస్తువు మీద అనుమానమే అక్కర్లేదు. కానీ ఓడ ఖర్చూ, సుంకమూ కలిపి చెప్పిన ధరకి వాడి డబ్బుతో బాస్ డ్రమ్మూ, ఒక టామూ వచ్చేట్టున్నాయి. మిగతావి ఊహించుకుని వాయించాలి!

రెండోది బాగా ప్రచారం ఉన్న చోటు. "షెల్లు నుంచి స్క్రూ దాకా అంతా మా దగ్గరే" అన్నారట. "రంగు తొడుగు వేయకముందు షెల్లు ఫొటో పంపండి" అని మా వాడు అడిగితే ఇరవై రంగుల ఫొటోలు పంపారు. మళ్ళీ అడిగితే ఇంకో పది రంగులు! ప్లాస్టిక్ తొడుగు చెడ్డదని నేననను. వ్యానుల్లో తిరిగే డ్రమ్ములకి నునుపైన వార్నిషు కంటే అదే మేలు, గీతలు పడవు. కానీ కింద అతుకు ఎలా ఉన్నా కప్పేస్తుంది. అంచేత తొడుగు వేయని ఒళ్ళు చూపించనివాడికి నమస్కారం పెట్టి రావడమే మంచిది.

మూడోది పొరుగు రాష్ట్రంలో ఇద్దరు మనుషుల చిన్న షెడ్డు. అతనితో మాట్లాడి మా వాడు డీలాపడిపోయాడు. "షెల్లు తెప్పిస్తాడట మావయ్యా. చువ్వలూ, బిగింపులూ బయట కొంటాడట. రంగు తొడుగు కూడా ఇంకొకడిచేత వేయిస్తాడట. వాడు చేసేది అంచు కొయ్యడం, కన్నాలు పెట్టడం, కూర్చడం. అంతే!"

"నువ్వడక్కుండానే చెప్పాడా?"

"ఆఁ."

"ఇంకేం అడిగాడు?"

"నన్నే ఎదురు ప్రశ్నలు వేశాడు. ఎక్కడ వాయిస్తావు, మైకు పెడతారా, కర్ర ఎలా పట్టుకుంటావు, సామాను ఎవరు మోస్తారు, ఏ బండిలో పెడతారు అని. ఇరవై నాలుగు అంగుళాల బాస్ డ్రమ్ము కావాలన్నాను. 'మైకు పెట్టి వాయించేవాడికి ఇరవై చాలు బాబూ, ఆటోలో పడుతుంది' అన్నాడు. మర తెగితే మీ ఊళ్ళో దొరికే సైజే వేస్తానన్నాడు."

నాకు ప్రాణం లేచొచ్చింది. మరల సంగతి చిన్న విషయమనుకోకండి. ఒక్కో కంపెనీది ఒక్కో మర. నరసరావుపేటలో రాత్రి పదకొండు గంటలకి చువ్వ తెగితే విదేశీ మర ఎక్కడ దొరుకుతుంది? కొలతల మాటా అంతే. ఇంగ్లండు ప్రీమియర్ వారి పాత డ్రమ్ములు, 1960ల నాటివి, మామూలు సైజు కంటే వెంట్రుకవాసి పెద్దవి. ఇప్పటి తోళ్ళు వాటికి ఎక్కవు. వాటిని మోజుపడి కొన్నవాళ్ళు ఇప్పటికీ తోళ్ళకోసం తిరుగుతుంటారు.

"అయినా సెట్టంతా ఒకేసారి చెప్పకు. ఒక్క స్నేర్ డ్రమ్ము చేయించు. రంగు వద్దు, ఉత్త చెక్క" అన్నాను. వాడికి నచ్చలేదు. నీలం లేని డ్రమ్ము డ్రమ్మే కాదని వాడి ఉద్దేశం. అయినా పెద్దవాణ్ణని ఊరుకున్నాడు.

నెలన్నరకి, అన్న రోజుకి రెండు రోజులు అటూ ఇటూగా, పధ్నాలుగు అంగుళాల స్నేర్ డ్రమ్ము గుంటూరు చేరింది. వీడియో ఫోనులో నేను విజయవాడ నుంచి చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు లాడ్జి బల్ల వెతుక్కోనక్కర్లేదు, ప్రతి ఇంట్లోనూ గ్రానైటు వంట గట్టు ఉందిగా! మా చెల్లెలు పోపుల డబ్బా పక్కకి జరిపి గట్టు తుడిచింది. వాడు తోళ్ళు విప్పి షెల్లుని నిలబెట్టాడు. లోపల సెల్‌ఫోను లైటు. బావగారు పేపరు చదువుతున్నట్టు నటిస్తూ గుమ్మంలో నిలబడ్డారు. తువ్వాలు కప్పి, దీపం ఆర్పారు.

ఒక పక్క... సన్నగా... వెలుగు!

వాడి మొహం నాకు కనబడలేదు, చీకటి గదా. చప్పుడు లేదు. బావగారు "ఊఁ" అన్నారు. ఆ 'ఊఁ'లో సెల్‌ఫోన్ల కొట్టు మొత్తం వినబడింది నాకు. 1983 నాటి ఆ తెనాలి పందిరి కళ్ళముందు తిరిగింది.

వాడు ఆ షెడ్డాయనకి వీడియో పంపి ఫోను చేశాడు. ఆయన తోలు మార్చమనలేదు, వానలనలేదు. "షెల్లుని పావు చుట్టు తిప్పి మళ్ళీ చూడండి బాబూ. వెలుగు షెల్లుతోపాటు తిరిగితే తప్పు నాది. ఉన్నచోటే ఉంటే మీ గట్టుది" అన్నాడు.

తిప్పి చూశారు. వెలుగు షెల్లుతోపాటే తిరిగింది.

"అయితే నాదే. పంపించెయ్యండి. రానూపోనూ ఖర్చు నాది. మళ్ళీ కోసి పంపుతాను. మట్టం కుదరకపోతే షెల్లే మార్చేస్తాను" అన్నాడట.

పన్నెండు రోజులకి మళ్ళీ వచ్చింది. అదే మొన్న శనివారం రాత్రి నాకొచ్చిన ఫోను. మళ్ళీ గట్టు తుడిచారు, మళ్ళీ తువ్వాలు. ఈసారి దీపం ఆర్పింది బావగారే. వంటిల్లంతా చీకటి. ఎటు తిప్పినా చీకటే!

తోళ్ళు బిగించి వాడు గట్టు మీదే రెండు దెబ్బలు వేశాడు. ఫోనులోంచి కూడా ఆ చప్పుడు ఎండుమిరపకాయ విరిచినట్టు ఫెళ్ళున వినిపించింది. పక్కింటివాళ్ళు తలుపు తట్టారు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి బావగారు గొంతు సవరించుకుని, "ఇంతకీ ఆ నీలం రంగు ఎప్పుడేస్తారట?" అన్నారు.

రీ-రికార్డింగు ముచ్చట్లు వచ్చే వారం తప్పకుండా.